ఎనిమిది చుక్కల స్థిరత్వం

పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే తెలిసినదంతా చెప్పేయకూడదని పైడమ్మ తన కోడలు నూకరత్నానికి పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. సగం చెప్పి ఊరుకోవాలట. నూకరత్నం అత్త మాట చాలావరకు వింటుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం కావలసిన రోజునే మరిచిపోయింది.

ఆ రోజు వాళ్ళ పేటకి తీర ప్రవాళ వికాస సంస్థ నుంచి సంయుక్త సంచాలకులు చిదంబరేశ్వర్ గారు వచ్చారు. ప్రవాళమంటే పగడం. సముద్రంలో పగడాలు తగ్గిపోతున్నందుకు విచారించడం ఆ సంస్థ పని. పదకొండేళ్ళుగా విచారిస్తోంది. ఆ ఆఫీసులో పగడాన్ని ఉంగరంలో తప్ప మరోచోట చూసినవాళ్ళు లేరు.

ఆయన జీపు ఇసకలో దిగబడింది. నలుగురు కలిసి దాన్ని లాగేదాకా నీడకని ఎదురుగా ఉన్న ఇంట్లోకి వచ్చారు. అది నూకరత్నం, ఆమె మొగుడు పోలయ్య ఉండే ఇల్లు. అందరిళ్ళలో టీవీ ఉండే చోట ఆ ఇంట్లో మూడడుగుల గాజు తొట్టి ఉంది. నీలం దీపం కింద అందులో ఏడు పగడాలున్నాయి. ఒకటి గొడుగులా, ఒకటి చేతివేళ్ళలా, ఒకటి గులాబీరంగు బుడిపెల్లా. అన్నిటికన్నా పెద్దది ఆకుపచ్చది, కొబ్బరికాయంత ఉంటుంది. నూకరత్నం దాన్ని పెద్దామె అంటుంది. నాలుగేళ్ళ కిందట అది బొటనవేలంత ముక్క.

నూకరత్నం విశాఖపట్నంలో ఒక రంగు చేపల దుకాణంలో ఆరేళ్ళు తొట్లు కడిగింది. దుకాణం మూసేసేటప్పుడు, ఎవరూ కొనని మూల విరిగిన తొట్టినీ, ఎవరూ బతకవనుకున్న పగడపు ముక్కల్నీ షావుకారు ఆమెకే ఇచ్చేశాడు. చేపలు పట్టేవాళ్ళ పేటలో చేపల్లేని తొట్టేమిటని అందరూ నవ్వారు. పోలయ్యా నవ్వాడు. కానీ వేట నుంచి వచ్చాక ఆ తొట్టి ముందు కూర్చుంటేనే అతనికి అన్నం దిగుతుంది.

ఆమె చేసేది పెద్ద విద్యేమీ కాదు. పొద్దున్నే గాజు గొట్టంలో కాసిన్ని తొట్టి నీళ్ళు తీసి, మందు సీసాలోంచి ఒక్కో చుక్కా వేస్తుంది. నీలంగా ఉన్న నీళ్ళు ఎన్నో చుక్కకి పసుపు తిరిగితే నీటిలో క్షారం అంత ఉన్నట్టు. ఎనిమిదో చుక్కకి తిరగాలి. పగడాలు ఒళ్ళు పెంచుకోవడానికి ఆ క్షారాన్ని తింటాయి గనుక తెల్లారేసరికి ఏడో చుక్కకే తిరుగుతుంది. అప్పుడు ఒక చెంచా వంటసోడా మంచినీళ్ళలో కరిగించి నెమ్మదిగా పోస్తుంది. ఎండకి నీళ్ళు ఆవిరై గాజు మీద గీసిన కాటుక గీత కిందికి దిగితే, క్యానులోని శుద్ధమైన మంచినీళ్ళు గీత దాకా నింపుతుంది. అంతే. ఎక్కువ తగ్గిందని ఒక్కసారిగా పోయదు. మరిచిపోయి ఒక రోజు మానదు.

చిదంబరేశ్వర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. దీని రహస్యమేమిటని అడిగారు.

“రగస్యం ఏటుంటాది బావూ. నీరు ఒక్కనాగుండాల. ఈరోజొకనాగ రేపొకనాగ ఉంటే సచ్చిపోతాయి.”

అక్కడితో ఆగవలసింది. ఆగకుండా చుక్కల సంగతీ, సోడా సంగతీ, కాటుక గీత సంగతీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మాత్రం మొదటి ముక్క దగ్గరే ఆగిపోయారు. జేబులోంచి పుస్తకం తీసి ‘స్థిరత్వం’ అని రాసి, దాని కింద రెండు గీతలు గీసుకున్నారు.

ఇరవై రోజుల్లో పోలయ్య ఇంటి గుమ్మం మీద బోర్డు లేచింది: గృహ ప్రవాళ స్థిరత్వ ఆదర్శ కేంద్రం. నూకరత్నానికి శాలువా కప్పారు. శాలువా మెడ మీద ఉండగానే నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆ కాగితాల ప్రకారం తొట్టి కేంద్రానిది, ఇల్లు కేంద్ర ప్రాంగణం, నూకరత్నం గౌరవ సహాయకురాలు. పోలయ్య గురించి వాటిలో ఏమీ లేదు. ఆ లోటు తరవాత పూడ్చారు.

కేంద్రానికి సూపరింటెండెంటుగా సీతంరాజు గారు బల్ల, కుర్చీ, ఇనప బీరువా వేసుకుని వచ్చారు. మంచి మనిషే. చెమట ఎక్కువ. సముద్రపు గాలి తగులుతుందని కుర్చీ గుమ్మానికి ఎదురుగా వేయించుకున్నారు. అలా వేస్తే తొట్టి వీపు వెనక పడింది. దానివల్ల పనికి ఇబ్బందేమీ లేదని ఆయనే చెప్పారు. పరీక్ష చేసేది నూకరత్నం, చుక్కలు చెప్పేది నూకరత్నం, తను రాసుకోవడమే.

మొదటి ఉత్తర్వు ఆయనతోపాటే వచ్చింది.

“స్థిరత్వమనగా మార్పు లేకుండుట. మార్పు లేకుండుట అనగా ఏమియు కలుపకుండుట, ఏమియు తీయకుండుట. కావున ముందస్తు అనుమతి లేనిదే తొట్టి యందు ఎట్టి పదార్థమును చేర్చరాదు.”

నూకరత్నం చెంచా పట్టుకుని నిలబడి ఉంది. సోడా వేయకపోతే క్షారం పడిపోతుందని చెప్పింది. సీతంరాజు గారు ఓపిగ్గా విని, వేయొద్దని ఎవరన్నారమ్మా, దరఖాస్తు పెట్టుకోమంటున్నాము అన్నారు. ఆమె చేత మూడు ప్రతులు రాయించి పైకి పంపారు. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. చెంచా అంటే తలకొట్టినదా, గోపురంగా పోసినదా తెలియజేయాలని అందులో ఉంది. తెలియజేశారు. ఆ తరవాత, అది వంటసోడా గనుక వంటకు సంబంధించిన శాఖ అభిప్రాయం అవసరమని ఫైలు మధ్యాహ్న భోజనాల విభాగానికి వెళ్ళింది. అక్కడివాళ్ళు తొట్టిలో ఎంతమంది పిల్లలు భోంచేస్తారని అడిగారు.

ఈలోగా, తిండి తగ్గేకొద్దీ పగడాలూ తక్కువ తింటాయి గనుక నెమ్మదిగానే అయినా, నీళ్ళు ఏడో చుక్కకి, తరవాత ఆరో చుక్కకి పసుపు తిరగసాగాయి.

అది చాలదన్నట్టు నీటి లోటు బయటపడింది. రోజుకి వేలెడు చొప్పున తొట్టిలో నీళ్ళు తగ్గుతున్నాయి. ప్రభుత్వ ఆస్తి తగ్గుతుంటే చూస్తూ ఊరుకోకూడదు గనుక విచారణ మొదలైంది. ఇంట్లో నీళ్ళు తాగుతూ కనిపించినవాడు పోలయ్య ఒక్కడే. అతనికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. చదివి పెట్టమని దాన్ని సీతంరాజు గారికే ఇచ్చాడు పోలయ్య. ఆయన చదివి వినిపించారు.

“ఉప్పునీరు తాగాలంటే దానికి తొట్టెందుకు బావూ,” అన్నాడు పోలయ్య. “సముద్రం ఇంటెనకాలే ఉన్నాది.”

ఈ జవాబు సంతృప్తికరంగా ఉందని రాసి విచారణ ముగించారు. అయితే లోటు లోటే. పోయినది సముద్రపు నీరు గనుక ఆ స్థానంలో సముద్రపు నీరే పోయాలని ఉత్తర్వు వచ్చింది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదని నూకరత్నానికి తెలుసు.

“పులుసు మరిగి ఉప్పెక్కితే నీళ్ళు పోస్తాం గానీ మళ్ళీ ఉప్పేస్తామేటి బావూ?” అని అడిగింది.

“పులుసు మన పరిధిలోకి రాదమ్మా,” అన్నారు సీతంరాజు గారు, నిజంగానే బాధపడుతూ.

వారం రోజులు బిందెలతో సముద్రపు నీళ్ళు పోశారు. గొడుగు పగడం ముడుచుకుంది. గులాబీ బుడిపెలు కళ్ళు మూసుకున్నట్టయ్యాయి. తొట్టి అంచున తెల్లగా ఉప్పు పేరింది. నూకరత్నం ఆ ఉప్పుని గోటితో గీకి కాగితంలో పొట్లం కట్టి ఆయన బల్ల మీద పెట్టింది. నమూనా అని పేరు పెట్టి ఆయన దాన్ని పైకి పంపారు. అసలు నీరు పోవడమే స్థిరత్వానికి విరుద్ధమని పైవారు తేల్చారు. తొట్టికి గాజు మూత వేసి, చుట్టూ టేపు అంటించి, లక్కతో ముద్ర వేశారు. గాలి గొట్టం, పరీక్షకి నీళ్ళు తీసే గొట్టం దూరేంత కన్నం మాత్రం వదిలారు.

మూత వేశాక లోపల వేడెక్కింది. వేడికి కారణం ఇంట్లో పొయ్యి అని ఒక నివేదిక వచ్చింది. పొయ్యి పెరట్లోకి వెళ్ళింది. అయినా తగ్గలేదు. మనుషుల ఒంటి వేడి వల్ల గది ఉష్ణోగ్రత పెరుగుతోందని ఇంకో నివేదిక వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకేసారి ఇద్దరికి మించి ఉండకూడదు. ఆ ఇద్దరిలో సీతంరాజు గారు ఒకరు. పోలయ్య తన ఇంట్లోకి రావాలంటే గుమ్మం దగ్గర పుస్తకంలో పేరు, వచ్చిన పని రాయాలి. మొదటి రోజు ‘పడుకోడానికి’ అని రాయించాడు. ఆ పనికి కేంద్రం లక్ష్యాలతో సంబంధం లేదని తిప్పి పంపారు. మర్నాడు ‘స్థిరంగా ఉండడానికి’ అని రాయించాడు. పగటిపూట రెండు గంటలకి అనుమతి వచ్చింది. ఆఫీసు వేళ దాటాక ఎలాగూ అడిగేవాళ్ళు లేరు.

ఇవన్నీ చూసి పేటలో జనం కడుపుబ్బా నవ్వుకున్నారు. నూకరత్నానికి మాత్రం నవ్వు రాలేదు. నీళ్ళు ఐదో చుక్కకే పసుపు తిరుగుతున్నాయి. పెద్దామె అంచు తెల్లబడింది. పగడానికి తెలుపు వచ్చిందంటే ఒంటి మీద చర్మం పోయి ఎముక బయటపడ్డట్టే. ఇంకో పది రోజులు ఇలాగే సాగితే నాలుగేళ్ళ పెంపకం సున్నపురాయిగా మిగులుతుంది.

సీతంరాజు గారికీ ప్రాణం మీదికి వచ్చింది. ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు అని తను పంపిన అంకెలు చూసి పైనుంచి మెమో వచ్చింది. స్థిరత్వ కేంద్రంలో అస్థిరతకు బాధ్యులెవరని అడిగారు. ఆయన కుర్చీలోనే తల ఒక్కటి వెనక్కి తిప్పి, ఏదీ కలపకుండా ఏదీ తీయకుండా ఉంటే ఇది ఎలా తగ్గుతోందమ్మా, ఎవరు తింటున్నారు అని అడిగారు.

“పగడాలే బావూ. బతికున్నది తింటాది. తిన్నది మనం మళ్ళీ పెట్టాల.”

ఆయన నివేదిక ఫారం ముందు పెట్టుకుని మొదటి గడి నుంచి పద్నాలుగో గడి దాకా వేలు పెట్టి వెతికారు. నీటి మట్టం, ఉప్పదనం, వేడి, చుక్కలు, ముద్రల సంఖ్య, సందర్శకుల సంఖ్య అన్నీ ఉన్నాయి. ఈ విషయం రాయడానికి గడి లేదు. చివరికి ‘కారణం పరిశీలనలో ఉంది’ అని రాశారు.

ఆ మధ్యాహ్నం నూకరత్నం రెండు వీధుల అవతల ఉన్న అత్త ఇంటికి వెళ్ళి ఏడ్చింది. పైడమ్మ చేపలు అమ్ముకునే మనిషి. ఏడుపు ఆగేదాకా చేపలకి పొలుసు తీస్తూ కూర్చుంది.

“ఒలే, వాళ్ళకి కావలసిందేటి?” అని అడిగింది.

“అంకె కదలకూడదంట.”

“కదిపేదేటి?”

“పగడాలు.”

“మరింకేటే. తీసెయ్యి. వాళ్ళకి అంకె మిగుల్తాది, నీకు పగడాలు మిగుల్తాయి.”

నూకరత్నం ఏడుపు ఆపి అత్త మొహం చూసింది. అంత పెద్ద సంస్థలో అంత చిన్న మాట ఎవరికీ తోచలేదు.

మంగళవారం, శుక్రవారం గాజు తుడవడానికి సీతంరాజు గారు స్వయంగా, లక్క మీద తప్ప మరెక్కడా చూపు పెట్టకుండా, ముద్ర విప్పుతారు. ఒంటిగంటకి చేపల వాసన పడక, భోజనం క్యారియరు పట్టుకుని రోడ్డు మీది బస్సు షెల్టరుకి వెళ్తారు. తిరిగొచ్చాక మళ్ళీ ముద్ర వేస్తారు. మొదటి మంగళవారం ఆయన అలా వెళ్ళగానే పైడమ్మ గంపతో దిగింది. గంపలో మూతున్న గిన్నె, పైన తడి గోనె, గోనె మీద నాలుగు చేపలు. పెద్దామె మొదట వెళ్ళింది. అత్తాకోడళ్ళు గుమ్మం దిగుతుండగా సీతంరాజు గారు మంచినీళ్ళ సీసా మరిచిపోయి వెనక్కి వచ్చారు. గంపలో ఏమిటని అడిగారు.

“కానాగంతలు బావూ. నిన్నటివి. సూత్తారేటి?”

ఆయన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తొందరగా తీసుకెళ్ళమ్మా అని చెయ్యి ఊపారు.

పైడమ్మ ఇంట్లో చేపలకి ఐసు వేసే పెద్ద థర్మకోల్ పెట్టె ఉంది. దాన్ని ఉతికి ఆరేసినట్టు కడిగి, తొట్టి నీళ్ళతోనే నింపి, గాలి గొట్టం, దీపం పెట్టారు. ఎక్కిన ఉప్పుని దించడానికి నూకరత్నం తొందరపడలేదు. మంచి చేసినా ఒక్కసారిగా చేస్తే పగడం తట్టుకోదు. రోజూ కాసిన్ని నీళ్ళు తీసి కాసిన్ని మంచినీళ్ళు పోసింది. సోడా కూడా చెంచాకి మించలేదు. రెండు వారాల్లో ఏడు పగడాలూ గంప ఎక్కాయి. పదిహేనో రోజుకి పెద్దామె తెల్లటి అంచు మీద సన్నగా ఆకుపచ్చ గీత పాకింది. పైడమ్మ దాన్ని చూసి, నా గంపలో ఎక్కిన వాటిలో తిరిగి బతికింది ఇదొక్కతే అంది.

కేంద్రంలో, తీసిన నీళ్ళకి బదులు సముద్రపు నీళ్ళు పోసిన తొట్టి నిండుగానే ఉంది, నీలం దీపం ఉంది, అడుగున ఇసక ఉంది. ఐదో చుక్క దగ్గర అంకె ఆగిపోయింది. ఆగిపోయిన అంకె మూడు రోజులు వరసగా చూసేసరికి సీతంరాజు గారికి కంటనీరు తిరిగింది. సరిగ్గా అప్పుడే సోడాకి అనుమతి వచ్చింది. మధ్యాహ్న భోజనాల విభాగం అభ్యంతరం లేదంది. లోటు మూడు చుక్కలు గనుక మూడు చెంచాలు, తలకొట్టినవి, ఒకేసారి వేయాలని అందులో ఉంది.

చిదంబరేశ్వర్ గారే వచ్చారు. కొబ్బరికాయ కొట్టి, ఫోటోవాళ్ళకి అనుకూలంగా నిలబడి, మూడు చెంచాల సోడా కరిగించిన నీళ్ళు పోశారు. బతికున్న పగడం ఒక్కటి ఉన్నా ఆ దెబ్బకి ఒళ్ళు కాలిపోయేది. మర్నాడు పరీక్ష చేస్తే ఎనిమిదో చుక్కకి పసుపు తిరిగింది. ఆ మర్నాడూ ఎనిమిదే. వారానికి ఎనిమిది. నెలకి ఎనిమిది. నలభై రోజులు వెంట్రుక వాసి కదలలేదు. తినేవాళ్ళు లేనింట్లో కుండ తరగనట్టు ఆ నీళ్ళు అలాగే నిలిచాయి.

స్థిరత్వం సాధించిన కేంద్రాన్ని చూడడానికి రాజధాని నుంచి కార్యదర్శి గారు వచ్చారు. పేటలోకి నాలుగు కార్లు దిగబడకుండా ఇసక మీద కొబ్బరి మట్టలు పరిచారు. ఒంటి వేడి నిబంధన ఆ ఒక్కరోజుకి సడలించారు. కార్యదర్శి గారు నలభై రోజుల పుస్తకం తిరగేసి తల పంకించారు. తరవాత, అక్కడివాళ్ళెవరూ ఎదురుచూడని పని చేశారు. వంగి తొట్టిలోకి చూశారు.

“పగడాలేవీ?”

నూకరత్నం పెరటి గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇప్పుడు వెతుకులాట మొదలైతే రెండు వీధులు దాటడానికి ఎంతసేపు? సీతంరాజు గారు ఇన్నాళ్ళకి తొట్టిలోకి తొంగి, అదేదో కొత్తగా తెచ్చిపెట్టిన వస్తువులా చూశారు. చిదంబరేశ్వర్ గారు మాత్రం గొంతు సవరించుకున్నారు. పగడాల గడి ఫారంలో లేదని ఆయనకి తెలుసు. ఫారం తయారుచేసింది ఆయనే.

“పగడాలు లక్ష్యం సార్. స్థిరత్వం సాధన. సాధన పరిపూర్ణం కాకముందే లక్ష్యాన్ని ప్రవేశపెడితే అంకెలు చెదురుతాయి. మొదటి దశలో ఆ ప్రమాదాన్ని నివారించగలిగాం.”

కార్యదర్శి గారు నలభై రోజుల అంకెలు మళ్ళీ ఒకసారి చూసుకున్నారు.

“చాలా లోతైన విషయం,” అన్నారు. “ఈ పద్ధతిని వసతిగృహాలకి కూడా వర్తింపజేయవచ్చు. అక్కడ బియ్యం నిల్వల్లో అసలు స్థిరత్వం ఉండటం లేదు.”

పక్కనున్నాయన రాసుకున్నారు.

ఇంత గొప్ప ప్రయోగం ఇసకపేటలో పడి ఉండకూడదని, తొట్టిని నీళ్ళతో సహా రాజధానికి తరలించి కార్యాలయం మెట్ల దగ్గర ప్రదర్శించాలని నిర్ణయమైంది. లక్ష్యం నెరవేరింది గనుక ఇక్కడి కేంద్రం మూసేస్తారు. మరుసటి వారం లారీ వచ్చింది. తొట్టి, బల్ల, కుర్చీ, బీరువా, బోర్డు, వాటితోపాటు పొరపాటున జాబితాలో ఎక్కిన పోలయ్య నులక మంచం లారీ ఎక్కాయి. పోలయ్య మంచం కోసం కాసేపు వాదించి, చివరికి వాళ్ళకది స్థిరంగా ఉంటుందిలే అని వదిలేశాడు.

లారీ కదిలింది. సీతంరాజు గారు తాళం అప్పగింతల కాగితం పట్టుకుని ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. సాయంత్రం ఐదు దాకా అది కేంద్ర ప్రాంగణమే. అంతదాకా ఆగే ఓపిక నూకరత్నానికి లేదు. పట్టపగలు, వీధి మధ్యనుంచి, అత్త ఒక పక్క, తనొక పక్క థర్మకోల్ పెట్టె పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. నీళ్ళు తొణకకూడదు. ఏమిటమ్మా అది అన్నారు ఆయన.

ఆమె అలిసిపోయి ఉంది. అబద్ధానికి కూడా ఓపిక కావాలి.

“పగడాలు బావూ. ఏడు.”

సీతంరాజు గారు జాబితా తీశారు. నలభై ఒక్క వస్తువులు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశారు. పగడాలు లేవు. లేని వస్తువు ప్రాంగణంలోకి వస్తే రేపు తనిఖీలో తన మెడకి చుట్టుకుంటుంది. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని, ఒక తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకుని రాశారు:

“పై ఏడు పగడములకును ప్రవాళ కేంద్రమునకును పూర్వమందు గాని, ప్రస్తుతము గాని ఎట్టి సంబంధమును లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.”

సంతకం పెట్టి, సంచిలోంచి రబ్బరు ముద్ర తీసి ఊది గుద్దారు. కాగితం ఇస్తూ పెట్టె మూత ఎత్తి లోపలికి చూశారు. పెద్దామె ఆకుపచ్చగా, ఒళ్ళంతా విప్పుకుని నీటి కదలికకి మెల్లగా ఊగుతోంది. ఆయన మూత పట్టుకుని అలాగే ఉండిపోయారు.

“ఎంత బాగున్నాయమ్మా,” అన్నారు చివరికి. “ఇలాంటివి ఒకటి రెండు మా కేంద్రంలో ఉండుంటే బాగుండేది.”

నూకరత్నం ఆయన చేతిలోంచి మూత అందుకుంది. సోడా వేళయింది.